సర్ ఆంబ్రోస్ ఫ్లెమింగు

మన తాతల యిండ్లలో పెద్ద కొయ్యపెట్టె వంటి రేడియో యుండెడిది. మీట త్రిప్పిన తోడనే యది పలుకదు. లోపలి గాజుబుడ్లు మెల్లగా వేడెక్కి, ఎఱ్ఱగా వెలిగిన పిమ్మట గాని పాట వినబడదు. ఆ గాజుబుడ్లకు వాల్వులని పేరు. నేడు మన చేతనుండు టెలిఫోనులో అట్టి బుడ్డి యొక్కటియు లేదు. దానికి బదులుగా గోరంత సిలికాను పలకమీద కోట్లకొలది సూక్ష్మపరికరములను పొదిగిన చిప్పు గలదు. చిప్పులను రచించుటయు, అవి సరిగా పనిచేయునో లేదో పరీక్షించుటయు నేటి ఇంజనీరింగు ఆచార్యులకు గొప్ప పరిశోధనాంశములై యున్నవి. ఈ విద్య పుట్టుపూర్వోత్తరములను వెదకుచు వెనుకకు పోయినచో, త్రోవలో మనకు తప్పక ఎదురుపడు పూజ్యుడొకడు గలడు. ఆయన లండను యూనివర్సిటీ కాలేజీలో నలువది యొక్క సంవత్సరములు విద్యుచ్ఛాస్త్రమును బోధించిన సర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగు.

ఫ్లెమింగు 1849వ సంవత్సరము నవంబరు 29వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమున నున్న లాంకాస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి జేమ్సు ఫ్లెమింగు కాంగ్రిగేషనల్ సంఘమునకు చెందిన బోధకుడు. ఏడుగురు సంతానములో ఆంబ్రోస్ జ్యేష్ఠుడు. తల్లివైపు తాత సిమెంటు పరిశ్రమలో పేరుపొందినవాడు. తండ్రినుండి దైవభక్తియు, తాతనుండి యంత్రములపై ప్రీతియు బాలునకు సంక్రమించెనని చెప్పవచ్చును. పసితనముననే కుటుంబము లండను చేరెను. పదునొకండేండ్లు వచ్చునప్పటికే ఆ బాలుడు తనకొక చిన్న పనిగది నేర్పరచుకొని, నమూనా పడవలను, యంత్రములను స్వహస్తముతో చేయుచుండెను. ఇంజనీరు కావలెనని ఆతని కోరిక. కాని ఆ కాలమున ఇంజనీరువద్ద పని నేర్చుకొనుటకు గొప్ప రుసుము చెల్లింపవలసి యుండెను. బోధకుని సంపాదనలో అది సాధ్యము కాలేదు.

కావున ఫ్లెమింగు తన చదువును తానే సంపాదించుకొనవలసి వచ్చెను. పగటివేళ షేర్ల వ్యాపారము చేయు నొక కంపెనీలో గుమాస్తాగా పనిచేయుచు, మిగిలిన వేళలందు చదువుకొని, 1870లో లండను విశ్వవిద్యాలయమున బి. యస్సీ. పట్టము నందెను. పిమ్మట రాస్సల్ పాఠశాలయందును, చెల్టెన్‌హాం కళాశాలయందును శాస్త్రోపాధ్యాయుడుగా నుండెను. 1874లో లండనున భౌతికశాస్త్ర సంఘము క్రొత్తగా స్థాపింపబడినప్పుడు, ఆ సంఘమున చదువబడిన మొట్టమొదటి వ్యాసము ఈ యిరువది నాలుగేండ్ల యువకునిదే.

చెల్టెన్‌హాములో దాచుకొనిన ధనముతో 1877లో ఆయన కేంబ్రిడ్జి చేరి, సెయింట్ జాన్సు కాలేజీలో విద్యార్థి యయ్యెను. అప్పటికి ఇరువది యేడేండ్లు నిండినవి. తనకంటె ఎంతో చిన్నవారితో కలిసి బల్లమీద కూర్చుండుటకు ఆయన సిగ్గుపడలేదు. ఏలయన అచ్చట కావెండిషు ప్రయోగశాలకు అధిపతి జేమ్సు క్లార్కు మాక్సువెల్. విద్యుత్తును, అయస్కాంతమును, వెలుగును ఒక్క సిద్ధాంతముతో ముడివేసిన మహానుభావుడాయన. ఆ మహానుభావుని ఉపన్యాసములకు తుదిదినములలో ఇద్దఱు ముగ్గురికంటె మించి శ్రోతలు వచ్చుట లేదు. ఆ కొలదిమందిలో ఫ్లెమింగు ఒకడు. 1879లో మాక్సువెల్ పరమపదించువఱకు ఆయన గురుసన్నిధిని విడువలేదు.

ప్రయోగశాలయందు ఫ్లెమింగునకు లభించిన పని చూపునకు ఘనమైనది కాదు. విద్యున్నిరోధమును కొలుచుటకు దేశమున ప్రమాణములుగా వాడుచున్న తీగచుట్టలను ఒకదానితో నొకటి సరిపోల్చి, వానిలోని స్వల్పభేదములను కనుగొనుటయే ఆ పని. ఇందులకై ఆయన ఒక సాధనమును కల్పించెను. గుండ్రని పళ్ళెమును పిడియును గలిగి చూచుటకు బాంజో వాద్యమువలె నుండుటచే, ప్రయోగశాలలోని వారు దానిని ఫ్లెమింగు బాంజో అని హాస్యముగా పిలుచుచుండిరి. హాస్యమున కేమి, కొలతయందు లేశమైనను తప్పు సహింపని గుణము అచ్చటనే ఆయనకు అలవడెను. ఆయన జీవితమునకంతకును ఇదియే పునాది.

1882లో ఎడిసన్ విద్యుద్దీపముల కంపెనీ యొక్క లండను శాఖ ఫ్లెమింగును శాస్త్రసలహాదారుగా నియమించెను. ఇండ్లలో విద్యుద్దీపములు అప్పుడప్పుడే ప్రవేశించుచుండినవి. ఆ దీపములలో బొగ్గుతీగ యుండెడిది. కొంతకాలము వెలిగిన పిమ్మట గాజుబుడ్డి లోపలిభాగము మసిబారి, వెలుతురు తగ్గిపోవుచుండెను. చెడిపోయిన దీపములను పారవేయుట లోకరీతి. ఫ్లెమింగు వానిని చేతికెత్తుకొని పరీక్షించెను. కొన్నింటిలో మసి అంతటను సమముగా లేదు. గాజుపై నొకచోట సన్నని తెల్లని గీత మిగిలి యుండెను. వంపుతిరిగిన తీగయొక్క ఒక కాలునుండి ఏవో అణువులు తిన్నగా బయలుదేరి గాజునకు తాకుచుండగా, రెండవ కాలు వానికి అడ్డుపడి నీడ వేయుచున్నదని ఆయన గ్రహించెను. మండుచున్న తీగనుండి ఏదియో వెలువడుచున్నదనుటకు ఆ గీత సాక్ష్యము.

బుడ్డిలో మఱియొక లోహపు పలకను అమర్చినచో, శూన్యముగుండ విద్యుత్తు ప్రవహించునని అమెరికాలో ఎడిసన్ గమనించెను. ఫ్లెమింగు ఈ విషయమును పట్టుకొని, పలకలుగల దీపములను ప్రత్యేకముగా చేయించి, 1889 మొదలు కొన్ని సంవత్సరములు శ్రద్ధతో ప్రయోగములు చేసెను. వేడితీగనుండి పలకవైపునకు ఋణవిద్యుత్తు పోవునుగాని, వెనుకకు రాదని నిరూపించి వ్యాసములు ప్రకటించెను. ఎలక్ట్రానను కణము ఇంకను కనుగొనబడలేదు. జె. జె. థామ్సను దానిని వెల్లడించినది 1897లో. కావున ఈ వింతకు కారణమేమో, ప్రయోజనమేమో అప్పుడెవ్వరికిని తెలియదు. ఫ్లెమింగు తన ఫలితములను పుస్తకమున వ్రాసికొని, ఆ దీపములను బీరువాలో భద్రపఱచెను.

ఇంతలో 1885లో లండను యూనివర్సిటీ కాలేజీ వారు ఆయనను విద్యుత్సాంకేతిక శాస్త్రమునకు ఆచార్యునిగా నియమించిరి. ఇంగ్లండున ఈ విద్యకు ఏర్పడిన మొదటి ఆచార్యపీఠము అదియే. పీఠము గొప్పదే కాని సాధనసామగ్రి శూన్యము. ఒక నల్లబల్లయు, సుద్దముక్కయు తప్ప మఱేమియు దొరకలేదని చెప్పుదురు. అట్టి స్థితినుండి క్రమముగా ప్రయోగశాల వృద్ధిపొందెను. 1897లో సముద్రగర్భపు తంతివార్తల స్థాపనలో ప్రసిద్ధుడైన సర్ జాన్ పెండరు జ్ఞాపకార్థము 5,000 పౌనుల నిధి లభించి, పెండరు ప్రయోగశాల వెలసెను.

తరగతిలో విద్యార్థుల కష్టమును తన కష్టముగా తలచెడి గురువు ఫ్లెమింగు. అయస్కాంతక్షేత్రములో తీగ కదలినపుడు విద్యుత్తు ఏ దిశకు పాఱును? విద్యుత్తు పాఱు తీగ ఏ దిశకు కదలును? ఇది పిల్లలు తఱచుగా తాఱుమాఱు చేయు సంగతి. ఫ్లెమింగు బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు ఒండొంటికి లంబముగా చాపి, మోటారునకు ఎడమచేయి, డైనమోనకు కుడిచేయి అని రెండు సూత్రములను కల్పించెను. నేటికిని మన హైస్కూలు పరీక్షాశాలలో పిల్లలు వ్రేళ్ళు చాపి చూచుకొనునవి ఈ సూత్రములే.

ఆచార్యపదవి స్వీకరించిన 1885వ సంవత్సరముననే ఆయన ఒక ముఖ్యమైన వ్యాసము చదివెను. ప్రతి కంపెనీయు తన కొలత సాధనమే సరియైనదనుచుండగా, న్యాయము చెప్పువారెవరు? కావున విద్యుత్సాధనములను సరిచూచుటకు జాతీయ ప్రయోగశాల యొకటి ఉండవలెనని ఆయన వాదించెను. 1900లో ఇంగ్లండున జాతీయ భౌతిక ప్రయోగశాల ఏర్పడినది. దీపముల వెలుతురును కొలుచు ప్రమాణముల విషయమునను, ట్రాన్స్‌ఫార్మరుల విషయమునను, ద్రవవాయువు నందలి మహాశీతలమున లోహముల గుణముల విషయమునను ఆయన చేసిన కృషి అపారము. ఈ చివరి పరిశోధనలో జేమ్సు డ్యూవరు ఆయనకు సహచరుడు. 1892లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

1899లో మార్కోని కంపెనీ ఫ్లెమింగును సలహాదారుగా పిలిచెను. తంతి లేకుండ అట్లాంటిక్ మహాసముద్రమును దాటించి వార్త పంపవలెనని మార్కోని సంకల్పము. కార్న్‌వాల్ తీరమున పోల్ధూ అను చోట నిర్మించిన ప్రసారయంత్రమునకు రూపకల్పన చేసినవాడు ఫ్లెమింగు. చిన్న ప్రయోగశాలకు తగిన సాధనములను విద్యుత్కేంద్రమంత శక్తిగలవిగా మార్చుట అంతకుముందెవ్వరును చేయని పని. 1901 డిసెంబరు 12వ తేదీన సుమారు 2,000 మైళ్ళకు ఆవలనున్న న్యూఫౌండ్లాండులో ఆ సంకేతమును తాను వింటినని మార్కోని ప్రకటించెను. లోకమంతయు మార్కోని నామమే జపించెను. యంత్రమును నిర్మించిన ఆచార్యుని పేరు పత్రికలలో మిక్కిలి తక్కువగా కనబడెను. ఫ్లెమింగు మనస్సు నొచ్చుకొనెను.

1903లో మఱియొక పరాభవము సంభవించెను. మార్కోని పద్ధతిలో ఒకరి వార్తకు మఱియొకరు అంతరాయము కలిగింపజాలరని ఫ్లెమింగు బహిరంగముగా హామీ యిచ్చి యుండెను. జూను మాసమున రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆయన ఉపన్యసించుచుండగా, నెవిల్ మాస్కలీన్ అను నింద్రజాలికుడు సమీపమునుండి పరిహాసవాక్యములను పంపి, యంత్రము వానిని అచ్చొత్తునట్లు చేసెను. ఫ్లెమింగునకు పట్టరాని కోపము వచ్చి పత్రికకు లేఖ వ్రాసెను. కాని నిజము చెప్పవలెనన్న, మాస్కలీన్ చేసినదియు నొక పరీక్షయే. సాధనమును ప్రేమించువాడు చేయు పరీక్ష వేఱు, దానిని ఓడింపగోరువాడు చేయు పరీక్ష వేఱు. జీవితమంతయు పరీక్షలలో గడపిన ఆచార్యుడు ఈ రెండవదానిని మఱచెను. ఆ సంవత్సరాంతమున మార్కోని కంపెనీతో ఆయన ఒప్పందమును ముగిసెను.

ఇదిగాక ఆయనకు వినికిడి మందగించుచుండెను. ఆ కాలమున నిస్తంత్రీ సంకేతములను టెలిఫోను చెవికానించుకొని వినవలసి యుండెను. చెవి సహకరింపనివాడు ఈ విద్యలో నిలుచుటెట్లు? గాల్వనామీటరు ముల్లు కదలినచో కంటితో చూడవచ్చును. కాని తరంగమువలన పుట్టు విద్యుత్తు క్షణమునకు లక్షలసారులు ముందునకు, వెనుకకు ఊగిసలాడును. ముల్లు ఎటును పోలేక నిలిచిపోవును. ఒకవైపు ఊపును పోనిచ్చి, రెండవవైపు ఊపును అడ్డగించు ద్వారమొకటి యున్నచో, ముల్లు కదలును. చెవి చేయు పని కన్ను చేయగలదు.

1904 అక్టోబరులో ఈ చింతలో నుండగా ఆయనకు బీరువాలోని పాత దీపములు జ్ఞప్తికి వచ్చెను. వేడితీగనుండి పలకకు విద్యుత్తు పోవును గాని వెనుకకు రాదని పదునైదేండ్లనాడు తానే పరీక్షించి వ్రాసి యుండెను గదా! వెంటనే ఆ దీపములను తీయించి, సహాయకుడైన డైకు చేత ప్రయోగమును అమర్పించెను. ముల్లు కదలెను. నీటిపంపునందలి కవాటము నీటిని ఒకవైపునకే పోనిచ్చునట్లు విద్యుత్తును ఒకవైపునకే పోనిచ్చునది కావున, దానికి ఇంగ్లీషున కవాటమునకు పర్యాయమైన వాల్వను పేరే యిడెను. 1904 నవంబరు 16వ తేదీన పేటెంటునకు దరఖాస్తు చేసెను. ఎలక్ట్రానులను పనికి నియోగించిన మొదటి సాధనము ఇట్లు జన్మించెను. నెల తిరుగకముందే మార్కోనికి ఈ వార్త వ్రాసెను. 1905లో కంపెనీ ఆయనను మరల చేర్చుకొనెను. పేటెంటు హక్కు కంపెనీ పరమయ్యెను. ఆ ఆవిష్కరణమువలన ఆయనకు ధనలాభము కలుగలేదు.

ఇచ్చటికి ఆయన కష్టములు తీరలేదు. అమెరికాలో లీ డి ఫారెస్టు అను నతడు తీగకును పలకకును నడుమ మూడవ సాధనముగా ఒక వలవంటి తీగను చేర్చి, 1907లో పేటెంటు కోరెను. ఈ వల ప్రవాహమును నియమించును. బలహీనమైన సంకేతము దీనిచే బలముగా వృద్ధిపొందును. రేడియో, దూరపు టెలిఫోను, తుదకు గణనయంత్రము కూడ ఈ వలవలననే సాధ్యమయ్యెను. ఫ్లెమింగు దానిని తన వాల్వునకు చౌర్యముగానే తలచెను. వాదములు న్యాయస్థానముల కెక్కెను. 1916లో అమెరికా న్యాయస్థానము ఫ్లెమింగు పేటెంటును డి ఫారెస్టు అతిక్రమించెనని తీర్పు చెప్పెను. కాని మూడవ తీగ హక్కు మార్కోని కంపెనీకి లేకపోవుటచే, ఒకరి సమ్మతి లేక మఱొకరు వాల్వులు చేయజాలని స్థితి యేర్పడెను. 1943లో అమెరికా సుప్రీముకోర్టు ఫ్లెమింగు పేటెంటే చెల్లదని తీర్మానించెను. అప్పటికి ఆయనకు తొంబదిమూడేండ్లు.

ఈ విషయమున మనము పక్షపాతము లేక చూడవలెను. ద్వారమును కనిపెట్టినవాడు ఫ్లెమింగు. ఆ ద్వారమునకు తాళము బిగించి, ఇచ్చవచ్చినట్లు తెఱచి మూయు నుపాయమును చూపినవాడు డి ఫారెస్టు. పదునైదేండ్లు తన బీరువాలో నున్న దీపములలో మూడవ తీగ నుంచవలెనని ఫ్లెమింగునకు తోచలేదు. తోచినవానిని మెచ్చుకొనుటకు ఆయనకు మనసు రాలేదు. మహాత్ములకును ఇట్టి కొఱతలుండును. వానిని దాచి చరిత్ర వ్రాయుట ఆయన నేర్పిన సత్యనిష్ఠకే విరుద్ధము.

ఫ్లెమింగు దృఢమైన క్రైస్తవ భక్తుడు. లండనులోని సెయింట్ మార్టిన్-ఇన్-ది-ఫీల్డ్సు దేవాలయమున క్రీస్తు పునరుత్థానమును గూర్చి ప్రసంగించెను. జీవపరిణామ సిద్ధాంతమును ఆయన అంగీకరింపలేదు. దానిని వ్యతిరేకించుటకు 1932లో ఏర్పడిన సంఘమును స్థాపించినవారిలో ఆయన యొకడు. ఈ విషయమున శాస్త్రజ్ఞులు ఆయన పక్షమును వహింపలేదు. భక్తులైన శాస్త్రజ్ఞులలోను పెక్కుమంది ఆయనతో ఏకీభవింపలేదు. అయినను ఆయన తన విశ్వాసమును ఎన్నడును మఱుగుపఱచలేదు. సంతానము లేని ఆ దంపతుల ఆస్తిలో అధికభాగము క్రైస్తవ ధర్మసంస్థలకు, విశేషముగా బీదల సేవకు చెందెను.

1926లో డెబ్బదియారేండ్ల ప్రాయమున ఆయన ఆచార్యపదవిని విరమించి, డెవన్ సీమలోని సిడ్‌మత్ పట్టణమున నివసించెను. 1929లో సర్ బిరుదము లభించెను. చెవులు పూర్తిగా చెడినను కలము విడువలేదు. 1874లో మొదటి వ్యాసము చదివిన భౌతికశాస్త్ర సంఘమునకే, అఱువదియైదేండ్ల పిమ్మట 1939లో తన చివరి వ్యాసమును సమర్పించెను. 1945 ఏప్రిలు 18వ తేదీన తొంబదియైదేండ్ల ప్రాయమున పరలోకగతుడయ్యెను.

ఆయన మరణించిన మఱుసటి సంవత్సరము 1946లో అమెరికాలో ఎనియాక్ అను గణనయంత్రము లోకమునకు చూపబడెను. అందు సుమారు 18,000 వాల్వులు. ఒకటి మాడిపోయినను లెక్క తప్పును. ఏది మాడినదో వెదకి పట్టుకొనుటయే ఇంజనీర్లకు దినదినము పని. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలయందు ట్రాన్సిస్టరు పుట్టెను. 1958లో అట్టి పరికరములను ఒకే పలకమీద కూర్చు విధమును జాక్ కిల్బీ చూపెను. అదియే చిప్పు. గాజుబుడ్డి పోయెను గాని, విద్యుత్తును ఒకవైపునకే పోనిచ్చు ద్వారము పోలేదు. డయోడు అను పేర అది నేటికిని చిప్పులలో నివసించుచు, మన వ్రేళ్ళనుండి తగులు విద్యుదాఘాతమునుండి వానిని కాపాడుచున్నది. పరీక్షయు పోలేదు. కోట్లకొలది పరికరములలో ఒక్కటి చెడినను చిప్పు నిరుపయోగము కావచ్చును. లోనికి చేయి పెట్టి కొలుచుటకు వీలులేదు. కావున పరీక్షించు మార్గమును చిప్పు రచనలోనే ముందుగా కల్పించుట నేటి ఆచార్యుల విద్య.

విద్యార్థులారా, మన ప్రయోగశాలలో మీరు చేయు పరీక్షలు కొన్ని పుస్తకమున చెప్పినట్లు రావు. దీపము మసిబారును, ముల్లు కదలదు, లెక్క కుదరదు. అప్పుడు ఫలితమును దిద్ది, పుస్తకమున నున్నట్లు వ్రాసికొని మార్కులు తెచ్చుకొనవలెనను కోరిక పుట్టును. ఫ్లెమింగు ఆ పని చేసి యుండినచో, గాజుమీది తెల్లని గీత చెడిన దీపముతో కూడ కుప్పలో పడియుండెడిది. ఆయన చూచినది చూచినట్లు వ్రాసి, పాత దీపములను బీరువాలో నుంచెను. కీర్తి ఇతరులకు పోయెను, ధనము కంపెనీకి పోయెను, వినికిడి దైవమునకు పోయెను. తప్పులేని ఆ వ్రాత మాత్రము నిలిచి, పదునైదేండ్ల పిమ్మట ఆయన చేతికే తిరిగి వచ్చి, లోకమునకు మేలు చేసెను. మీ ప్రయోగపు పుస్తకములలో వ్రాయుచున్నప్పుడు ఈ సంగతిని స్మరింపుడు.